గ్వెల్ఫ్‌లో ఎదురుకోలు

మొన్న శనివారం మధ్యాహ్నం టొరంటో పక్కన ఏజాక్స్‌లో మా అపార్టుమెంటు కింద ఉన్న లాండ్రీ గదికి బట్టల బుట్ట పట్టుకుని దిగుతుంటే, పక్కనున్న పార్టీ రూములోంచి ఒక్కసారిగా ఆడవాళ్ళ గొంతులు గుంపుగా లేచాయి. అది పాట కాదు, మాట కాదు. నాలుకను పెదవుల మధ్య అటూ ఇటూ గబగబా ఆడిస్తూ తీసే సన్నని, పొడవాటి ధ్వని. ఎవరో బెంగాలీ వాళ్ళ పసివాడికి అన్నప్రాసన అట. వాళ్ళ ఆడవాళ్ళు శుభకార్యంలో అలా ఉలుధ్వని చేస్తారని తెలియని మా అంతస్తు పెద్దావిడ ఏం ముంచుకొచ్చిందోనని కంగారుగా లిఫ్టువైపు నడిచింది. నేను మాత్రం బుట్ట నేలమీద పెట్టి, ఆ మూసిన తలుపు బయట అలాగే నిలబడిపోయాను. లోపల ఉన్నవాళ్ళెవరూ నాకు తెలియదు. కానీ ఆ ధ్వని వినగానే గ్వెల్ఫ్‌లోని ఇటుకల ఇల్లూ, ఆవనూనె ఘాటూ, ఫ్యాక్టరీ బూట్లు విప్పుకుంటూ వంటింట్లోకి వచ్చే మాసీమా, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి నన్ను చుట్టేశాయి.

నేను కెనడాకు చదువుకోవడానికి వచ్చానంటే ఇక్కడి పిల్లలు నవ్వుతారు. నిజంగానే స్టడీ పర్మిట్ మీద వచ్చాను, నలభై దాటాక. మన పిల్లలు తండోపతండాలుగా కెనడా బయల్దేరుతున్న రోజులవి. తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మేడమ్ నేనూ వెళ్తున్నాను అని చెప్పి కాళ్ళకు దణ్ణం పెట్టి పోతుంటే, అందరికీ క్షేమంగా వెళ్ళిరమ్మని చెప్పీ చెప్పీ ఒకరోజు నేనే అప్లై చేసుకున్నాను. ఫుడ్ సేఫ్టీ కోర్సు. విమానంలో నా పక్క సీటు కుర్రాడు, కొడుకు దగ్గరికా ఆంటీ అని అడిగాడు. కాదు నాయనా, కాలేజీకి అన్నాను. టొరంటోలో దిగేదాకా అతను మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఎందుకు వచ్చానో నా ఈడు ఆడవాళ్ళకు పెద్దగా వివరించనక్కర్లేదు. మా ఆయన గుండెపోటుతో పోయారు. పిల్లలు లేరు. మా అత్తవారు చెడ్డవాళ్ళు కారు, నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. కానీ పేరంటానికి పిలవడానికి బొట్టుపెట్టె పట్టుకుని వచ్చినవాళ్ళు గుమ్మంలో నన్ను చూడగానే, మీ అత్తగారున్నారా అండీ అని నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసేవాళ్ళు. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో స్వీట్ల గది తాళాలు నా చేతికిచ్చారు. నమ్మకం కొద్దీ ఇచ్చారని మురిసిపోయాను. తలంబ్రాల వేళకు నేను ఆ గది వదిలి ఇవతలికి రాకుండా ఉండడానికి ఇచ్చారని, బయట బాజాలు జోరందుకున్నాక గానీ నాకు తట్టలేదు. ఆ పెళ్ళి నుంచి వచ్చిన వారంలోనే పాస్‌పోర్టుకు ఫొటో దిగాను.

కెనడాలో నాకు మొదట దొరికిన సుఖం ఏమిటంటే, నా నుదుటి మీద బొట్టు లేదని ఎవరికీ కనిపించకపోవడం. ఇక్కడ ఎవరికీ ఉండదు కదా. బస్సులో, క్లాసులో, నేను సాయంత్రాలు పనిచేసిన బేకరీలో నేనూ అందరిలాంటి మనిషినే. ఇదే స్వేచ్ఛ అనుకున్నాను. దాక్కోవడానికి మంచి చోటు దొరికితే దాన్ని స్వేచ్ఛ అనుకోకూడదని నాకు మాసీమా ఇంట్లో తెలిసింది.

మాసీమా అంటే బెంగాలీలో పిన్నిలాంటి పిలుపు. ఆ ఇంట్లో గదులు అద్దెకు తీసుకున్న మేమంతా ఆవిడను అలాగే పిలిచేవాళ్ళం. కింద బేస్‌మెంటులో పంజాబీ కుర్రాళ్ళు, పైన ఒక గదిలో నేను, పక్క గదిలో నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఆ ఏడు గ్వెల్ఫ్‌లో గది దొరకడమే గగనం. ఒక్కో ఇంట్లో హాల్లోనూ మెట్లకిందా పరుపులు వేసుకుని పిల్లలు పడుకునే రోజులు. మాసీమా మాత్రం గదికి ఒక్కరినే ఉంచేది. ఎక్కువమందిని పెట్టమని ఇరుగుపొరుగు సలహా ఇస్తే, వచ్చేది మనుషుల పిల్లలు, బస్తాలు కాదు అనేది.

ఆవిడ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో లైను మీద పనిచేసేది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, గట్టి గొంతు. ఆవిడకూ నాకూ హిందీ అంతంతమాత్రమే, ఇంగ్లీషు అవసరం మేరకే. అయినా ఆ రెంటినీ కలిపి మేము మాట్లాడుకోని విషయం లేదు. భర్త ఇక్కడి యూనివర్సిటీ ల్యాబులో పనిచేసేవాడట. కూతురికి ఇంకా స్కూలు ఈడు రాకముందే పోయాడు. అప్పుడు కలకత్తా నుంచి ఆయన అన్నగారు, అంటే ఆవిడ బావగారు, వచ్చి కర్మకాండలు జరిపించి, పాపను ఎత్తుకుని తిరిగి, వెళ్ళేముందు ఒక మాట చెప్పి వెళ్ళాడట. తెల్లచీర కట్టమని, చేపలు మానేయమని. బెంగాలీ వాళ్ళకు చేప మానడమంటే ఏమిటో నాకు ఆవిడ పక్కన కూర్చుని భోంచేశాక అర్థమైంది. కొన్నాళ్ళు మానేసిందట. ఒకరోజు షిఫ్టు దిగి, మంచులో బస్సు కోసం నిలబడి, ఒళ్ళు కొంకర్లు పోయి ఇంటికొచ్చి, కూతురి కోసం వండిన చేపల పులుసు గిన్నె ముందు కూర్చుని తానూ కడుపునిండా తిన్నదట. ఎవరికీ చెప్పలేదు, ఎవరి దగ్గరా దాచనూ లేదు. ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళకు తెల్లచీరేమిటి అని అదీ బీరువాలో పెట్టేసింది. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో ఏడుపు లేదు. చేపకు ముల్లు తీస్తూ తీస్తూ చెప్పింది.

మాసీమా కూతురికి పెళ్ళి కుదిరింది. హాస్పిటల్ ల్యాబులో ఉద్యోగం చేసే పిల్ల. ఇక్కడే పెరిగింది కనుక తల్లి బెంగాలీలో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పేది. పెళ్ళికొడుకు వాళ్ళు రెజైనాలో స్థిరపడిన బెంగాలీలు. ముహూర్తం ఆషాఢంలో పెట్టారు. ఆషాఢంలో పెళ్ళేమిటి అని నేను నోరెళ్ళబెడితే, మాకు పనికొస్తుంది, మీకు పనికిరాదా అని మాసీమా నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. ఒకచోట మహాపాపమైనది ఇంకోచోట మామూలే అని ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

పెళ్ళికి ముందుగానే బావగారు కలకత్తా నుంచి దిగాడు. కాలేజీ ప్రిన్సిపాల్‌గా రిటైరైన మనిషి, మెత్తని మాట, ప్రతి ఆదివారం ఇన్నేళ్ళుగా తమ్ముడి కూతురికి ఫోన్ చేస్తూ వచ్చినవాడు. ఆయన్ను దుర్మార్గుడని నేను రాయలేను. ఒక ఉదయం పూరీలు తింటూ, అంతే మెత్తగా, వరుణ్ణి గుమ్మంలో ఎదుర్కొని లోపలికి తీసుకురావడానికి టొరంటో నుంచి తమ బంధువు భార్యను పిలిచానని చెప్పాడు. వాళ్ళలో పెళ్ళికూతురి తల్లే చేటలో దీపం, ధాన్యం, గరిక పెట్టుకుని వరుడికి ఎదురెళ్ళాలి. అతని నుదుటికి ఆ చేట తాకించి, దీపానికి వెచ్చజేసిన తమలపాకులు బుగ్గలకు అద్ది, మిఠాయి తినిపించాలి. తల్లి విధవరాలైతే ఇంకెవరైనా ముత్తైదువ చేయాలి. మాసీమా ఆ తంతు అయ్యేదాకా లోపలి గదిలో ఉంటే చాలని, ఆ తర్వాత హాయిగా వచ్చి అందరినీ పలకరించవచ్చని అన్నాడు. నేను సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాను.

మాసీమా ఇంకో పూరీ వేయనా అని అడిగింది. వేసింది. తర్వాత బూట్లు తొడుక్కుని షిఫ్టుకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. కూతురు మాత్రం ఒక సాయంత్రం తల్లి ఒళ్ళో తలపెట్టి, నువ్వు కాకపోతే ఇంకెవరూ వద్దు అని ఇంగ్లీషులో ఏడ్చింది. తల్లి ఆ పిల్ల జుట్టు దువ్వింది. ఆవిడ ఒప్పేసుకుందనే నేను అనుకున్నాను. ఇక నా సంగతా, ఎవరూ చెప్పకముందే వంటల వైపు పని నేనే అడిగి పుచ్చుకున్నాను. మనిషి దేశం మారినా ఒంటికి పట్టిన అలవాటు అంత త్వరగా మారదు. పెళ్ళిలో నాకు చోటెక్కడ అని ఎవరైనా వెతికే ఇబ్బంది లేకుండా, నాకు నేనే వెనక చోటు చూసుకోవడం నేర్చుకున్నదాన్ని.

నిజామాబాద్ అమ్మాయికి మాత్రం ఇవేమీ పట్టలేదు. పెళ్ళిలో శంఖం ఊదే పని తనదేనని ముందే చెప్పేసి, డ్రయ్యర్ తిరుగుతున్నప్పుడు లాండ్రీలో నిలబడి బుగ్గలు నొప్పెట్టేలా సాధన చేసింది. మొదట్లో గొంతు పట్టేసిన దూడ అరిచినట్టుండేది. గరిక కోసం మేమిద్దరం స్పీడ్ నది ఒడ్డున గడ్డిలో వంగి వెతుకుతుంటే, దారిన పోతున్న ఒక తెల్లాయన, ఉంగరమేమైనా పోయిందా అని అడిగి తానూ కాసేపు వెతికాడు.

పెళ్ళిరోజు వచ్చింది. సాయంత్రం హాలు ముందు ఇంకా బోలెడు ఎండ ఉంది. ఇక్కడి ఆషాఢంలో పొద్దు ఎంతకీ గుంకదు కదా. నేను వంటల వైపు వెళ్ళబోతుంటే నిజామాబాద్ అమ్మాయి నన్ను పట్టుకుని కుర్చీలో కూలేసి, తన జడకు తెచ్చుకున్న మల్లెల్లో సగం తుంచి నా ముడిలో పెట్టేసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏమైతది ఆంటీ? ఊకుండున్రి. మంచిగున్నరు" అని తన బొట్టుబిళ్ళల అట్టలోంచి ఒకటి తీసి నా నుదుటి మీద అతికించింది.

ఆ పిల్లకు నా సంగతి తెలుసు. తెలిసే చేసింది. తీసేద్దామని వేలు పైకి లేచింది, అంతలో బయట కార్ల హారన్లు మోగాయి. వరుడు వచ్చేశాడు.

నేను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి టొరంటో ఆవిడ పెద్ద అంచు పట్టుచీరలో చేట పట్టుకుని నిలబడి ఉంది. ఆ చేటను మాసీమానే స్వయంగా టొరంటోలో డాన్‌ఫోర్త్ వైపు బంగ్లాదేశ్ వాళ్ళ కొట్టుకు వెళ్ళి తెచ్చి, ముగ్గులు వేసి పెట్టుకుంది. అప్పుడు లోపలి గది తలుపు తీసుకుని మాసీమా బయటికి వచ్చింది. పసుపుపచ్చని చీర, ఎర్రని అంచు. ఆవిడ ఒంటి మీద ఆ రంగు నేనెన్నడూ చూడలేదు. తిన్నగా నడిచొచ్చి, టొరంటో ఆవిడ ముందు నిలబడి, చేటకు రెండు చేతులూ చాచింది. టొరంటో ఆవిడ ఒకసారి బావగారి వైపు, ఒకసారి మాసీమా వైపు చూసి, బరువు దింపుకున్నట్టుగా ఇచ్చేసింది.

బావగారు ముందుకు వచ్చాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. తమ్ముడి భార్యను వాళ్ళలో బౌమా అని పిలుస్తారు.

"బౌమా, పిల్ల క్షేమం కోరేదానివైతే లోపలికి వెళ్ళు."

వాళ్ళు మాట్లాడుకున్నది బెంగాలీలో. నాకు సగమే తెలిసింది, మిగతాది తర్వాత కూతురు చెప్పింది. మాసీమా అన్నది ఇది:

"షిఫ్టు దిగొచ్చి ఈ పిల్లకు అన్నం తినిపించింది ఈ చేత్తోనే. జ్వరమొస్తే ఒళ్ళు తుడిచింది ఈ చేత్తోనే. అప్పుడు ఈ చెయ్యి చెడ్డదని మీరెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఇవాళ కూడా ఎవరి మాటా వినను."

ఆ తర్వాత ఆవిడ కళ్ళు జనంలో వెతికాయి. ఎవరికోసమా అని నేనూ అటూ ఇటూ చూశాను. ఆ చూపు నా దగ్గర ఆగింది. చేటలోని దీపం గాలికి ఊగుతోంది, దానికి ఇంకో మనిషి చెయ్యి అడ్డం కావాలి. రమ్మని తల ఊపింది.

"మాసీమా, నేను కూడా..." అన్నాను.

"తెలుసు. అందుకే పిలుస్తున్నాను. రా."

వెళ్ళాను. ఎలా వెళ్ళానో చెప్పలేను. నా ముడిలో మల్లెలున్నాయి, నుదుట బొట్టు ఉంది, మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో తలంబ్రాల చప్పుడు గోడ అవతల నుంచి విన్నదాన్ని, ఒక పెళ్ళి గుమ్మానికి అందరికంటే ముందు నిలబడి దీపానికి రెండు చేతులూ అడ్డం పెట్టాను. వరుడు ఆరడుగుల మనిషి. మాసీమాకు అందడం లేదని తనే నడుం వంచి నుదురు కిందికి దించాడు. చేట తాకింది. వెచ్చని తమలపాకులు బుగ్గలకు తాకాయి. ఆ క్షణంలో ఉలుధ్వని రావాలి, అదే పద్ధతి. ఒక్క ఆడమనిషీ నోరు విప్పలేదు. అంతమంది నిలబడి ఉన్నచోట ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు తప్ప ఏమీ వినిపించని ఆ నిశ్శబ్దాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అప్పుడు శంఖం మోగింది. నిజామాబాద్ అమ్మాయి కుర్చీ ఎక్కి నిలబడి, మొహం కందగడ్డ చేసుకుని ఊదుతోంది. మధ్యలో తెగింది, మళ్ళీ పట్టుకుంది. ఆ రెండోసారికి వరుడి తల్లి, రెజైనా నుంచి వచ్చిన ఆ సన్నటి మనిషి, కొంగు సర్దుకుని ఉలుధ్వని మొదలుపెట్టింది. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. చివరికి టొరంటో ఆవిడ కూడా. నాకు చేతకాకపోయినా నేనూ నాలుక ఆడించాను. ఏం శబ్దం వచ్చిందో నాకే తెలియదు, కళ్ళనీళ్ళు మాత్రం నోట్లోకి వచ్చాయి.

బావగారు భోజనం చేయకుండా వెళ్ళిపోయాడు. ఆదివారం ఫోన్లు ఆగిపోయాయి. అది మామూలు నష్టం కాదు. కలకత్తాలో బావగారింట్లోనే మాసీమా అత్తగారు ఉండేది. కోడలంటే ప్రాణం పెట్టే మనిషి, పెద్దకొడుకు ఫోన్‌లోంచే ఈవిడతో మాట్లాడేది. ఆ తర్వాతి చలికాలంలో ఆవిడ పోయింది. ఆ కబురు మాసీమాకు చాలా ఆలస్యంగా, అదీ ఎవరో ఎరిగినవాళ్ళ నోట తెలిసింది. ఆ రోజు వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చింది. పెళ్ళిరోజు గుమ్మంలో చేసినదానికి ఇంత మూల్యమా అని నాకే అనిపించి, బాధగా లేదా అని అడిగాను. బాధే, అంది. మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ అదే చేస్తాను, అంది. మొహం కడుక్కుని ఫ్యాక్టరీకి వెళ్ళింది.

నా వంతు నాకూ వచ్చింది. పెళ్ళి ఫొటో ఒకటి ఫోనుల్లో తిరిగి తిరిగి తాడేపల్లిగూడెం చేరింది. చేట పక్కన మల్లెలతో, బొట్టుతో నేను. మా ఆడపడుచు ఫోన్ చేసింది. కోపంగా కాదు, నా మంచి కోరే చెప్పింది. అమ్మ చూసి అన్నం మానేసిందని, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని, ఆ ఫొటో తీసేయించమని.

"వదినా, అందులో నా మొహం సరిగా పడలేదు. మంచివి ఉన్నాయి, పంపిస్తాను" అన్నాను.

పంపించాను కూడా. ఆవిడ చాలాకాలం మాట్లాడలేదు. తర్వాత తనే మాట్లాడింది, ఆ విషయం తప్ప. ఆ పెళ్ళి నాటి నుంచి నేను బొట్టు లేకుండా ఇల్లు దాటలేదు. బేకరీలో, కోర్సు అయ్యాక చేరిన ఉద్యోగంలో, శాశ్వత నివాసం, అదే పీఆర్, వచ్చాక ఈ ఏజాక్స్‌లో, ఎక్కడా. దీని అర్థం ఏమిటని తెల్లవాళ్ళు అడిగితే, నా ఇష్టం అని చెబుతాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇల్లంతా ఎటు వాళ్ళం అటు చెదిరిపోయాం. మాసీమా రిటైరై, ఇల్లు అమ్మేసి, కూతురి దగ్గరికి రెజైనా వెళ్ళిపోయింది. మనవరాలు ఆవిడ బెంగాలీకి ఇంగ్లీషులో జవాబు చెబుతుందని ఫోన్‌లో నవ్వుతుంది. నిజామాబాద్ అమ్మాయి కాల్గరీలో ఉంది, ఇద్దరు పిల్లల తల్లి. ఆ వెల్లువ తగ్గింది. గది కోసం పెట్టెలతో వీధి వీధీ తిరిగిన పిల్లల గుంపులు గ్వెల్ఫ్‌లో ఇప్పుడు కనిపించవు. ఈ మధ్య అటు వెళితే ఇళ్ళ ముందు గదులు ఖాళీ అన్న బోర్డులు చూసి నాకు మనసు అదోలా అయింది. పరాయివాళ్ళం ఒకే పొయ్యి మీద వంతులు వేసుకుని వండుకుని, ఒకరి ఇంటి పెళ్ళికి ఇంకొకరం ముందు నిలబడిన ఆ ఇరుకు మళ్ళీ దొరుకుతుందా అనిపిస్తుంది. ఇప్పుడు నాకు విశాలమైన ఫ్లాటు ఉంది, అందులో మాట్లాడితే నా గొంతే నాకు తిరిగి వినిపిస్తుంది.

ఇక్కడ మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు నేను తప్పకుండా వెళ్తాను. తలంబ్రాల వేళకు ముందు వరసలోకి వెళ్ళి నిలబడతాను, అక్షింతలు వేస్తాను, హారతిపళ్ళెం నావైపు వస్తే పట్టుకుంటాను. ఎవరైనా ఏమైనా అంటే చెప్పడానికి జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటాను. మొదట్లో ఒకరిద్దరు అన్నారు, ఈ చెయ్యి చెడ్డది కాదని చెప్పాను. ఈమధ్య ఎవరూ ఏమీ అనడం లేదు. మనవాళ్ళు నిజంగా మారారో, నా మొహం చూసి అడగడానికి జంకుతున్నారో, అసలు ఈ కాలం పిల్లలకు అది అడగవలసిన విషయమని తెలియనే తెలియదో నేను తేల్చుకోలేకపోతున్నాను. మూడోదే అయితే ఎంత బాగుంటుంది. అయినా జవాబు మాత్రం నేను మరిచిపోలేదు, ఎవరికైనా కావాలంటే చెప్పడానికి అక్కడే ముందు వరసలో ఉంటాను.